కార్బురేటర్లు విప్పి బిగించాక రేస్ దిగకపోతే

ప్రశ్న: మా నాన్నగారు 1986లో కొన్న రాజ్‌దూత్ 350 బండి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఏడాదిగా తీయకపోవడంతో రెండు కార్బురేటర్లనూ ఇంట్లోనే విప్పి, శుభ్రం చేసి, తిరిగి బిగించాను. ఇప్పుడు రెండు కిక్‌లకే స్టార్ట్ అవుతోంది కానీ, ఎక్సలేటర్ వదిలినా రేస్ వెంటనే దిగడం లేదు. అలిపిరి దాటి రెండో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు పికప్ పడిపోతోంది. కొండ ఎత్తుకు తగినట్టు మెయిన్ జెట్లు (కార్బురేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రమున్న ముక్కలు) చిన్నవి వేయాలని తెలిసిన మెకానిక్ ఒకరు అంటున్నారు. వేయించమంటారా?
— ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: దయచేసి ఇప్పుడు జెట్ల జోలికి వెళ్లకండి. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. ఆ ఎత్తున గాలి సుమారు 7 శాతం పలచబడి మిశ్రమంలో పెట్రోల్ పాలు కొద్దిగా పెరిగే మాట నిజమే అయినా, కొర్లగుంటలో నిలబడి ఉన్న బండికి రేస్ దిగకపోవడానికి అది కారణం కాజాలదు. పైగా రెండో ఘాట్ రోడ్డు 1974 నుంచీ ఉంది. ఇదే బండి కంపెనీ జెట్లతోనే మీ నాన్నగారి కాలంలో ఆ కొండ ఎక్కే ఉంటుంది. విప్పక ముందు లేని లోపం బిగించాక వచ్చిందంటే, దాన్ని బిగింపులోనే వెతకాలి.

ఎక్సలేటర్ వదిలాక రేస్ కాసేపు పైనే నిలిచి మెల్లగా దిగుతోందంటే, కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్యనున్న రబ్బరు బూట్ దగ్గర ఎక్కడో బయటి గాలి లోపలికి పోతోందని ముందుగా అనుమానించాలి. టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఇది చిన్న విషయం కాదు. దొంగగాలి పీలుస్తూ ఇప్పటికే పలచబడిన మిశ్రమానికి చిన్న జెట్ కూడా తోడైతే, ఎగువన నిండు రేస్‌లో పిస్టన్ వేడెక్కి సిలిండర్‌కు పట్టేస్తుంది. చాలా ఏళ్ల క్రితం చిత్తూరు నుంచి కాణిపాకం వెళ్తూ నా సొంత బండి ఇలాగే దారిలో పట్టేసింది. ఇంజన్ విప్పి చూస్తే పిస్టన్ మీద నిలువుగా గీతలు పడి ఉన్నాయి. బూట్ వేలితో వంచితే తప్ప కనిపించని వెంట్రుకవాసి పగులు ఒకటే దానికి కారణం. అందుకే మీ బూట్లను కూడా బిగించి ఉండగా కాకుండా, తీసి, వెలుతురులో వంచి చూడండి. పగులున్న రబ్బరుకు జిగురు పూసి సరిపెట్టవద్దు, కొత్తది వేయండి.

ఇప్పుడు మళ్లీ విప్పే పద్ధతి చెబుతాను. పెట్రోల్ ట్యాప్ మూసి, కార్బురేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె, అంటే ఫ్లోట్ బౌల్‌లోని పెట్రోల్‌ను సీసాలోకి దించండి. పై మూత విప్పితే, గాలి దారిని తెరిచి మూసే స్లైడు, దానికి వేలాడే సన్నని నీడిల్ కేబుల్‌తోపాటే పైకి వస్తాయి. నీడిల్ వంగితే పనికిరాదు కనుక మెత్తని గుడ్డ చుట్టి పక్కకు కట్టండి. ఎడమ కార్బురేటర్ స్లైడు కుడిదానిలోకి పోకూడదు కాబట్టి ఒకదానికి రంగు దారం కట్టుకోవడం మంచిది. ఐడిలింగ్‌లో గాలి పాలు సరిచేసే ఎయిర్ స్క్రూ తీసే ముందు, అది పూర్తిగా బిగియడానికి ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. బౌల్ స్క్రూల తలలు జపాన్ కొలతవి. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోక జారి తలలను అరగదీస్తుంది. జెట్ రంధ్రంలోకి గుండుసూది, ఉక్కు తీగ పోనివ్వవద్దు. క్లీనర్ స్ప్రే, గాలి పంపు చాలు.

బిగించేటప్పుడు బూట్ లోపలి అంచుకు కొద్దిగా సబ్బునీళ్లు రాస్తే కార్బురేటర్ చివరిదాకా కూర్చుంటుంది. గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. కార్బురేటర్ పక్కకు ఒరిగితే ఫ్లోట్‌లో పెట్రోల్ మట్టం మారిపోతుంది కనుక నిటారుగా నిలబెట్టి క్లిప్ బిగించండి. స్లైడు అడుగున కోసినట్లుండే వైపు ఎయిర్ ఫిల్టర్ వైపుకు రావాలి. స్లైడు పక్కనున్న గాడి లోపలి పిన్ను మీద కూర్చుంటేనే అది కిందిదాకా దిగుతుంది. బలవంతంగా నొక్కి మూత బిగిస్తే స్లైడు పైనే ఇరుక్కుని, కిక్ కొట్టిన మరుక్షణం ఇంజన్ నిండు రేస్ అందుకుంటుంది. కాబట్టి స్టార్ట్ చేయక ముందే ఎక్సలేటర్ తిప్పి వదిలి వినండి: రెండు స్లైడ్లూ ఒక్కసారే ‘టక్’మని దిగాలి.

రెండు కార్బురేటర్ల బండికి అసలు పని ఇక్కడే మొదలవుతుంది. ఫిల్టర్ వైపు గొట్టాలు తీసి, ఐడిలింగ్ స్క్రూలు వదులు చేసి స్లైడ్లను పూర్తిగా దించి, ఆ తరువాత రెండు స్క్రూలనూ స్లైడుకు తగిలే చోటి నుంచి సమానంగా తిప్పండి. ఒకే కొలత గల రెండు డ్రిల్ బిట్ల నున్నని కాడలను ఒక్కో స్లైడు కింద దూర్చి, ఎక్సలేటర్‌ను మెల్లగా తిప్పితే రెండూ ఒకేసారి వదులై జారాలి. ఒకటి ముందు జారితే దాని కేబుల్ బిగుతుగా ఉన్నట్టు. మూత మీది అడ్జస్టర్‌తో సరిచేయండి. ఆయిల్ పంపు పనిచేస్తున్న బండి అయితే ఆ కేబుల్‌ను కూడా తరువాత సరిచూడాలి. ఆపైన ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. రేస్ మారితే, కేబుల్ ఎక్కడో లాగుతోందన్నమాట. ఇంజన్ స్టార్ట్ అయిన రెండు నిమిషాలకు రెండు సైలెన్సర్ల మీదా నాలుగు నీటి చుక్కలు చల్లి చూడండి. ఒకదాని మీద చుర్రుమని ఆవిరై, రెండోదాని మీద చుక్క అలాగే జారుతుంటే, ఆ రెండో సిలిండర్‌కు ఐడిలింగ్‌లో పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్ ఇంకా మూసుకుని ఉందని తెలుసుకోవచ్చు.

ఇవన్నీ సరిపోయాక కొండ ఎక్కి, పైన ప్లగ్‌లు తీసి చూడండి. లేత గోధుమరంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్టే. తెల్లగా ఉంటే మాత్రం ఇంకా గాలి పీలుస్తోంది; అప్పుడు నిండు రేస్ ఇవ్వకుండా నిదానంగా దిగి రండి.

ప్రశ్న: మూడు నెలలు నిలిపి ఉంచిన ఆర్ఎక్స్ 100 బండికి ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి పెట్రోల్ కారుతోంది. కార్బురేటర్ మార్చాలా?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అక్కర్లేదు. బౌల్ నిండాక పెట్రోల్‌ను ఆపే ఫ్లోట్ నీడిల్ కొనకు మురికి పట్టి ఉంటుంది, లేదా అది అరిగి ఉంటుంది. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరును ఉబ్బిస్తుంది. బౌల్ విప్పి శుభ్రం చేసి, నీడిల్ మార్చండి. ఫ్లోట్ పిన్ను తీసేటప్పుడు దాన్ని పట్టి ఉండే చిన్న స్తంభాలు విరగకుండా చూసుకోండి. అవి విరిగితేనే కార్బురేటర్ మార్చాల్సి వస్తుంది. ఇకపై బండిని నెలకు మించి నిలపాల్సి వస్తే, ట్యాప్ మూసి బౌల్ ఖాళీ చేసి ఉంచండి.