మండువా మూలలో చుక్కలు

ప్రశ్న: అమలాపురం దగ్గర మా తాతగారి మండువా లోగిలి, అంటే నడుమ పైకప్పు లేని ఖాళీ (మండువా) ఉన్న పెంకుటిల్లు. మండువా వైపు వాలే కప్పులో ఒక మూల కారుతోంది. రెండుసార్లు సిమెంటు పూయించాం. అయినా వానొస్తే బకెట్ పెట్టాల్సిందే. ఏం చేయాలండీ?

జవాబు: ఆ సిమెంటే సగం దోషం అమ్మా. రెండు వాలుల నీళ్లూ వచ్చి పడేది ఆ మూలలో పెంకుల కింద ఉండే రేకు కాలువలోకే. దాన్ని పూడిస్తే నీళ్లు ఎటు పోతాయి? పక్కకు ఎక్కి వాసాల మీదకు దిగుతాయి. సిమెంటు ఎండకు బీటలిస్తుంది కూడా.

చుక్క పడే చోటే చిల్లు ఉందనుకోకండి. నీళ్లు వాసం వెంట జారి ఎక్కడో పడతాయి. ఎండరోజున గొట్టంతో కింది నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి తడపండి. లోపల ఒకరు టార్చితో చూస్తూ ఉండాలి. మా ఇంట్లో చిల్లు, చుక్క పడే చోటికి ఆరడుగులు పైన దొరికింది! ఎవడో కాలువ నడిమధ్యలో మేకు కొట్టాడు.

కాలువకు అటూ ఇటూ పెంకులు తీయించి, కొబ్బరి పీచు, ఆకులు ఊడ్పించండి. రేకు తుప్పు పడితే కొత్తది వేయించండి. పై ముక్క కింది ముక్క మీద జానెడు ఎక్కాలి, మేకులు అంచుల్లోనే ఉండాలి. పెంకులు తిరిగి పేర్చేటప్పుడు కాలువ మధ్యలో నాలుగు వేళ్ల సందు వదలమనండి. పుచ్చిన వాసం కనిపిస్తే ముందు దాన్ని మార్పించండి.