మోటారు సంగతి తర్వాత చూద్దాం

చి. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

కదిలే బొమ్మ చేస్తానంటూ నువ్వు పంపిన ఫోటోలు చూశాను. చక్రాలు బాగానే గీశావు. వాటికి ఫ్యాను మోటారు బిగించి తిప్పుతానన్నావు చూడు, అది కాస్త ఆపు. బొమ్మ తిరుగుతుంటే జనం కదలకుండా నిలబడి చూస్తారు. నీ బొమ్మ జనాన్ని నడిపించాలి.

చిన్నప్పుడు జగ్గన్నతోట తీర్థంలో నీకు కొన్న పటం గుర్తుందా? ఎదురుగా వెంకన్న, ఎడమ నుంచి లక్ష్మీదేవి, కుడి నుంచి పద్మావతి. దాని కిటుకంతా పటం మీద అంచున నిలబెట్టిన నిలువు పట్టీల్లోనే ఉంది: అడుగున ఒక బొమ్మ, పట్టీల రెండు పక్కలా రెండు బొమ్మలు. వెనిజులా చిత్రకారుడు కార్లోస్ క్రూజ్-డియెజ్ 1959 నుంచి ఇలాంటి పట్టీలతోనే బొమ్మలు కట్టాడు. అందులో దేవుళ్లు లేరు, ఉత్త రంగులే. మనం పక్కకి జరిగేకొద్దీ అతను పూయని రంగు కూడా పుట్టుకొస్తుంది.

పట్టీ అడుగు బోర్డు నుంచి ఒక సెంటీమీటరు పైకి లేస్తే మధ్య ఖాళీ కూడా సెంటీమీటరే ఉంచు. 45 డిగ్రీల ఏటవాలుగా చూసేసరికి అడుగు రంగు పూర్తిగా దాక్కుంటుంది. ఖాళీ రెట్టింపు చేశావో, అడుగు రంగులో సగం బయటే ఉండిపోతుంది. ఎనామిల్ వద్దు, ట్యూబులైటు మెరుపు పడి రంగు చెడుతుంది. పోస్టర్ కలర్ చాలు. మన తేమకి అట్ట వంగుతుంది కాబట్టి ఫోమ్ బోర్డు కొను.

ఇక రంగులు. ఒకే బూడిదరంగు కాగితం రెండు ముక్కలు కోసి, ఒకటి ఎర్ర కాగితం మీద, ఒకటి ఆకుపచ్చ దాని మీద పెట్టు. ఎరుపు మీది ముక్క కాస్త ఆకుపచ్చగా కనిపిస్తుంది, రెండోది ఎర్రగా కనిపిస్తుంది. పారిస్‌లో గోబెలిన్స్ నేత కర్మాగారపు అద్దకశాలకి షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా ఉండేవాడు. నల్లనూలు వెలవెలబోతోందని ఫిర్యాదు వస్తే వెతికి వెతికి, తప్పు నలుపుది కాదు, పక్కనున్న రంగులదని తేల్చాడు. 1839లో పుస్తకమే రాశాడు. మన బండార్లంక మగ్గం దగ్గర కూర్చున్నా ఇది తెలుస్తుంది. అందుకే మూడు రంగులు దాటకు.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. అరవై పట్టీలు అతికించి, తీసుకెళ్లి నడవా చివరి గోడకి తగిలించాను. వచ్చినవాళ్లంతా ఎదురుగా వచ్చారు, ఎదురుగానే వెళ్లారు. ఒకాయన "బాగుందండి మాస్టారూ, చారల లుంగీలా" అన్నాడు! నడవా పక్కగోడకి పెట్టి ఉంటే సరిపోయేది. కారకాస్ విమానాశ్రయంలో క్రూజ్-డియెజ్ రంగుల చారలు నేల మీదే ఉన్నాయి, జనం పెట్టెలు ఈడ్చుకుంటూ వాటి మీదుగా పోతారు.

ఆదివారం వస్తాను. మీ వీధి వసారా గోడ పొడవెంతో టేపుతో కొలిచి ఉంచు. అమ్మని అడక్కుండా మేకులు కొట్టకు.

మీ మావయ్య