ఫీల్డ్ వర్క్‌కి పోయే ముందు

నెల్లూరు,
ఆదివారం

అమ్మలూ,

గల్ఫ్‌కి పోయినవాళ్ళ కుటుంబాలకు సాయం చేసే సంస్థలో నీకు ఫీల్డ్ వర్క్ పడిందని మీ అమ్మ చెప్పింది. పెద్దమ్మ ఇరవై రెండేళ్ళు ఆ పనే చేసింది గదా, నాలుగు ముక్కలు రాయమని నా వెంట పడింది. రాస్తున్నా. కొంచెం ఎక్కువైతే నువ్వే సర్దుకో.

మొదటి వారం నీకు ఏ పనీ చెప్పరు. ఒక మూల కుర్చీ చూపించి ఫైళ్ళు చదువుకోమంటారు. విసుక్కోకుండా, వచ్చినవాళ్ళు సంచిలోంచి కాగితాలు ఎట్లా తీస్తారో చూస్తా ఉండు. ఉదయగిరి అవతలి పల్లెల నుంచి తెల్లారకముందే బస్సెక్కి వస్తారు. బట్టల షాపు కవర్లో రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఆస్పత్రి చీటీలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. పాస్‌పోర్టు జిరాక్స్ అన్నిటికంటే అడుగున, నాలుగు మడతలు పడి ఉంటుంది. అదీ మొదటి పేజీ ఒక్కటే. చివరి పేజీ కూడా అడుగు. తల్లిదండ్రుల పేర్లు, భర్త పేరు, చిరునామా ఉండేది దాంట్లోనే. అసలు పాస్‌పోర్టు సాధారణంగా అక్కడ కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, చేతిలో ఉంటుంది కాబట్టి మనకు ఈ జిరాక్సే దిక్కు. ఫోటో తీసుకుని, వాళ్ళ కవర్లోనే పెట్టి ఇచ్చెయ్. వాళ్ళ కాగితాలు ఒక్క రాత్రి కూడా మన బీరువాలో ఉండకూడదు. ఇదివరకు ఒకడు అట్లాగే 'నా దగ్గరుంచండి' అని తీసుకుని పోయుంటాడు.

"ఏ వీసా మీద పోయిందమ్మా?" అంటే "కువైట్ వీసా" అంటారు. నవ్వొద్దు. ఖద్దామా పని, అంటే ఇంటిపని, అని చెప్పి విజిట్ వీసా మీద ఎక్కించిన కేసులు నేను బోలెడు చూశా. ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి పోయే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం) ఉన్న ఆడమనిషి ఇంటిపనికి కువైట్, సౌదీ లాంటి దేశాలకు పోవాలంటే 30 ఏళ్ళు నిండాలి, కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో నమోదు కావాలి, ప్రభుత్వ ఏజెన్సీ ద్వారా పోవాలి. మన రాష్ట్రానికి అట్లాంటి ఏజెన్సీ ఓమ్‌క్యాప్ ఉంది. ఇరవై నాలుగేళ్ళ పిల్లను పంపాలంటే ఏజెంటుకు ఇదంతా అడ్డం, అందుకే విజిట్ వీసా. అట్లా పోయిన పిల్లకు ఒప్పంద పత్రం ఉండదు, ప్రవాసీ భారతీయ బీమా ఉండదు. రెండేళ్ళకు 275 రూపాయలు కడితే 10 లక్షలు వచ్చే బీమా అది.

లైసెన్సున్న ఏజెంటు కూడా 30 వేలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. వాళ్ళు రెండు లక్షలు ఇచ్చామని చెప్తే "అంతెందుకిచ్చారు?" అనకు. ఎవరికి, ఏ రోజు, చేతికిచ్చారా ఫోన్‌పే చేశారా, అది అడుగు. పేరు మాత్రం మొదటి రోజే చెప్పరు. ఏజెంటు ఎక్కడి నుంచో ఊడిపడడు, చాలాసార్లు వాళ్ళకు మామ వరసో బావ వరసో అయ్యుంటాడు. మూడోసారి వచ్చినప్పుడు వాళ్ళే చెప్తారు.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి. పనిలో చేరిన రెండో ఏడు. భార్యకు ఆర్నెల్ల జీతం ఇవ్వలేదని ఒకాయన వచ్చాడు. నేను ఆమెతో ఫోన్లో మాట్లాడి అంతా రాసుకున్నా. మూడు నెలలది వచ్చిందంట, కూతురి చదువుకని చెల్లెలికి పంపిందంట. తర్వాత వారం ఆయన వచ్చి "మొత్తం ఎంత రావాలి మేడం?" అంటే, కాగితం చూసి "మూడు నెలలది" అనేశా. ఆయన ఇంకేం అడగలేదు. ఆ సాయంత్రమే చెల్లెలి ఇంటి మీదికి పోయి డబ్బు పెట్టమని కూర్చున్నాడు. ఆయన భార్య మళ్ళీ నా ఫోన్ ఎత్తలేదు.

ఎదురుగా కూర్చుని ఏడ్చేవాళ్ళే మన మనుషులనిపిస్తుంది అమ్మలూ. మన మనిషి కువైట్లో ఉంది. ఆమె ఏది చెప్పమంటే అదే ఇక్కడ చెప్పాలి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ ఇల్లు సద్దుమణిగేసరికి పదకొండైతే మనకు ఒకటిన్నర. ఆ వేళకు ఫోన్ ఎత్తాల్సొస్తుంది. "మాట్లాడొచ్చా?" అని ముందు అడుగు. "రేపు" అంటే మారుమాట లేకుండా పెట్టెయ్.

ఆమె ఏడుస్తున్న వీడియో మీ గ్రూపులోకి వస్తే ముందుకు పంపకు, విలేకరి ఎంత బతిమాలినా ఇవ్వకు. అది తిరిగి తిరిగి కఫీల్ ఫోన్లోకి పోతే, ముందు పోయేది ఆమె చేతిలో ఉన్న ఫోనే. పెట్టమని ఆమే అంటే, ఏమవుతుందో చెప్పి, అప్పుడు చూద్దువు.

"తీసుకొచ్చేస్తాం" అనే మాట నీ నోట రానివ్వకు. మదద్‌లో (విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్) ఫిర్యాదు పెట్టాం, నంబరు ఇదీ, మంగళవారం ఫోన్ చేస్తాం అని చెప్పు. మంగళవారం కొత్త కబురు లేకపోయినా ఫోన్ చెయ్. కొందరు మనం కిందా మీదా పడి అన్నీ సిద్ధం చేశాక "ఇంకో ఏడాది ఉంటా, అప్పు తీరాలి" అంటారు. ఎవరి నిర్ణయం వాళ్ళదే, సెల్ఫ్ డిటర్మినేషన్ అని మీ సార్లు పాఠం చెప్పుంటారు గదా, పుస్తకంలో అది భలే తేలిగ్గా ఉంటుంది. నాకు ప్రతిసారీ ఒళ్ళు మండేది. అయినా "సరేనమ్మా" అని, జీతం చేతికొస్తోందా లేదా అని నెలకోసారి అడుగుతా ఉండేదాన్ని.

కాలేజీ రిపోర్టులో పేరు మార్చి ఊరు వదిలేస్తే లాభం లేదు. మన వైపు ఇంటిపేరు, ఊరు చాలు, మనిషి దొరికిపోతుంది. రెండూ తీసెయ్.

నోటు పుస్తకం మాత్రం కుట్టింది కొనుక్కో, స్పైరల్‌ది వద్దు. దాంట్లో పేజీ చించితే ఎవరికీ తెలియదు.

మీ పెద్దమ్మ