యాకుబిస్కో కోల్పోయిన దశాబ్దం

ప్రశ్న: స్లొవాక్ దర్శకుడు, స్క్రీన్‌ప్లే రచయిత యురాయ్ యాకుబిస్కో 1970లలో కథాచిత్రాలకు ఎందుకు దూరమయ్యారు?

జవాబు: 1938లో కొయ్‌షోవ్ గ్రామంలో పుట్టి, ప్రాగ్‌లో సినిమా చదువు చదివిన ఆయన 1967లో తొలి కథాచిత్రం తీశారు. అయితే 1968 ఆగస్టులో సోవియట్ నాయకత్వంలోని వార్సా కూటమి సేనలు చెకొస్లొవేకియాలోకి చొరబడ్డాక, పట్టు బిగించిన పాలకులు ఆయన చిత్రాలను నిషేధించి, ఆయనను చాలా ఏళ్లు డాక్యుమెంటరీలకే పరిమితం చేశారు. 1970లో మొదలుపెట్టిన ఒక చిత్రాన్ని 1990లో గాని పూర్తి చేయలేకపోయారంటే, ఆ అన్యాయం ఎంతటిదో ఊహించండి.

అయినా ఆయన కల్పనాశక్తి ఎండిపోలేదు. 1985 నాటి ‘పెరిన్‌బాబా’లో ఇటలీ నటి జూలియెట్టా మసీనా ఈకల పరుపులను దులుపుతుంటే కింద భూమి మీద మంచు కురుస్తుంది, ఆయన చిత్రాలను చూడదలచినవారు దానితోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఆయన 2023లో కన్నుమూశారు.