పేర్లు కలిపే ముందు కాటా కలపండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇదీ. ప్రొద్దుటూరులో మీ నాన్నగారు వేరుశనగ మండీని, మీ చిన్నాన్నలిద్దరిలో ఒకరు కాయ ఒలిచే మిల్లును, మరొకరు నూనె మిల్లును వేరువేరు సంస్థలుగా నడుపుతున్నారు. వాటిని ఒకే కంపెనీగా కలపాలని పెద్దలు అనుకుంటున్నారు. "గ్రామీణ బ్యాంకులే కలిసిపోయాయి, అన్నదమ్ములం మేం కలవలేమా?" అన్నది మీ నాన్నగారి మాట. ఇంటిగ్రేషన్ కంటే ముందు ఇంటిగ్రిటీ ఉండాలని మీరు అంటే, దాన్ని ఇంట్లో అవమానంగా తీసుకున్నారు. అనంతపురంలో ఇలాంటి కుటుంబ సంస్థలోనే చాలా ఏళ్లు లెక్కలు రాసి, ఆ తర్వాత మేనేజరుగా పనిచేసి విరమించుకున్నవాణ్ణి కాబట్టి నా అనుభవం మీకు ఉపయోగపడవచ్చు. అందులో నా తప్పు కూడా ఉంది, దాన్ని దాచకుండా రాస్తాను.

ముందు మాటల సంగతి. మీరు వాడిన రెండు ఇంగ్లీషు పదాలకూ మూలం ఒకటే. ముక్కలు కాని నిండుదనం అని దాని అర్థం. తెలుగులో ఒకదాన్ని విలీనమనీ, మరొకదాన్ని నిజాయితీ అనీ అనేసరికి ఆ చుట్టరికం కనిపించకుండా పోతుంది, పైగా నిజాయితీ అనగానే ఎదుటివారిని దొంగ అన్నట్టుగా వినిపిస్తుంది. ఇంట్లో మాట్లాడేటప్పుడు త్రికరణశుద్ధి అనే మాట వాడి చూడండి. మనసులో ఉన్నది, నోట అన్నది, చేతితో చేసింది ఒకటిగా ఉండడమే దాని అర్థం కాబట్టి, కలయిక అన్న భావం ఆ మాటలోనే ఇమిడి ఉంది. మా యజమానులకు నేను ఈ మాటతోనే విషయం చెప్పగలిగాను.

బ్యాంకుల పోలిక మీ విషయంలో సరిపోదు. రాయలసీమ, శ్రీ అనంత, పినాకిని గ్రామీణ బ్యాంకులు 2006లో కలిసి కడప కేంద్రంగా ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు ఏర్పడింది. 2025 మే 1న అది మరో మూడింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. అయితే పొదుపు ఖాతాను ఎలా నడపాలో, దేన్ని మొండి బాకీ అనాలో రిజర్వు బ్యాంకు నిబంధనలు అంతకు ముందే ఆ బ్యాంకులన్నిటికీ నిర్ణయించి ఉంచాయి. మీ మూడు సంస్థలకు క్వింటా అంటే ఏమిటన్నదే ఇంకా ఒకటి కాలేదు. ఈ మాట మీకు వింతగా అనిపించవచ్చు, మాకూ మొదట అలాగే అనిపించింది.

మా సంస్థలో పెద్దాయన మండీ చూసుకునేవారు, నడిపాయన కాయ మిల్లు, చిన్నాయన నూనె మిల్లు చూసుకునేవారు. 2009 ఏప్రిల్‌లో మూడింటినీ కలిపి ఒకే భాగస్వామ్య సంస్థగా పత్రాలు రాసుకున్నారు. మొదటి పంట కాలంలోనే గొడవ మొదలైంది. నూరు కిలోల మంచి కాయ ఒలిస్తే సుమారు డెబ్బై కిలోల పప్పు రావాలని అందరికీ తెలిసిన లెక్క. మండీ చిట్టాలో నూరు క్వింటాళ్లు పంపినట్టు ఉంటే మిల్లులో పప్పు అరవై అయిదు క్వింటాళ్లే దిగేది. మిగిలిన అయిదూ ఏమయ్యాయని పెద్దాయన అడిగితే, మీరు పంపింది కాయ కాదు నీళ్లు అని నడిపాయన అనేవారు. ఒకే ఇంట్లో భోంచేసే అన్నదమ్ములు ఒకరి గేటు దగ్గర మరొకరు మనుషుల్ని కాపలా పెట్టుకునే దాకా వెళ్లింది.

నిజానికి అక్కడ దొంగతనమేమీ జరగలేదు. పద్నాలుగు శాతం తేమ ఉన్న నూరు కిలోల కాయలో పొడి సరుకు ఎనభై ఆరు కిలోలే ఉంటుంది. దాన్ని నిలవకు పనికొచ్చే ఎనిమిది శాతం తేమకు ఆరబెడితే బరువు తొంభై మూడున్నర కిలోలకు తగ్గుతుంది. అందులో డెబ్బై శాతం అంటే అరవై అయిదు కిలోల పైచిలుకు. మాయమైన అయిదు క్వింటాళ్లూ గాలిలో కలిసిన నీళ్లేనని కాగితం మీద నాలుగు లెక్కలు వేస్తే తేలిపోయేది, కానీ మండీలో తేమ కొలిచే అలవాటే మాకు లేదు. దానికి బదులుగా తరుగు ఉండేది.

నా తప్పు ఇక్కడే ఉంది. నలభై కిలోల మూటకు ఒక కిలో చొప్పున రైతు దగ్గర తరుగు తీసేవాళ్లం. తడి ఆరితే బరువు తగ్గుతుంది కాబట్టి అని రైతుకు చెప్పే కారణం. అందులో కొంత న్యాయం లేకపోలేదు. అయితే ఆ తరుగు కాయ చిట్టాకు ఎక్కేది కాదు. దాన్ని వేరే గదిలో పోగుచేసి, బయటి నూనె మిల్లుకు రొక్కానికి అమ్మి, ఆ డబ్బును పెద్దాయన ఇంటి ఖర్చుకు వాడేవారు. ఆ రెండో పుస్తకాన్ని రాసింది నేనే. విలీనం కాకముందు అది రైతుకు మాత్రమే జరుగుతున్న అన్యాయం. విలీనమైన మరుసటి రోజు నుంచి ఆ కిలోలో తమ్ముళ్లిద్దరికీ వాటా వచ్చింది. పెద్దాయన ఆ సంగతి వారికి చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఏళ్ల తరబడి బయటివాడి మీద వాడిన ఎత్తుగడను, గోడలు తీసేశాక మనకు తెలియకుండానే మనవాళ్ల మీద వాడుతున్నాం. మీ పెద్దలకు ఏదైనా ఒక్క విషయమే చెప్పగలిగితే ఇది చెప్పమంటాను.

దీనివల్ల మరో నష్టం జరుగుతూ వచ్చిందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నాలుగు రోజులు కళ్లంలో ఎండబెట్టి తెచ్చిన రైతుకూ, పెరికి పెరకగానే తడికాయ తెచ్చిన రైతుకూ ఒకే తరుగు వేస్తే ఎండబెట్టే రైతుకు ఏం ఒరుగుతుంది? అతను వేరే మండీకి వెళ్లిపోతాడు, తడికాయ మాత్రం మన దగ్గరికే వస్తుంది. తడిగా నిలవ చేసిన కాయకు బూజు పడుతుంది, బూజుతో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. తినడానికి నేరుగా అమ్మే వేరుశనగలో ఈ విషం మొత్తం కిలోకు 4 మైక్రోగ్రాములు మించకూడదని ఐరోపా దేశాల నిబంధన. ఎగుమతి వ్యాపారి ఒకరు మా పప్పు నమూనాను పరీక్ష చేయించి రెండుసార్లు వెనక్కి పంపారు. కిలో తరుగు కోసం మంచి సరుకు తెచ్చే రైతును మేమే తరిమేసి, ఆ నష్టాన్ని మా మిల్లులోనే అనుభవించాం.

విలీనం దానంతట అది దేన్నీ శుభ్రం చేయదు. మేం పత్రాలు రాసుకోవడానికి మూడు నెలల ముందే, 2009 జనవరి 7న, సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లేఖ బయటపడింది. లేని నగదును, బ్యాంకు నిల్వలను రూ. 5,040 కోట్ల మేర లెక్కల్లో చూపినట్టు అందులో ఒప్పుకున్నారు. అంతకు ముందు డిసెంబరులో తన కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను సత్యం చేత కొనిపించబోవడం, లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తులను నింపడానికి చేసిన చివరి ప్రయత్నమని కూడా అదే లేఖలో ఉంది. కంపెనీలను కలపడాన్ని అక్కడ గుంత పూడ్చే మన్నుగా వాడబోయారన్న మాట. ఆ వార్తను పెద్దాయన మండీ అరుగు మీద కూర్చుని పైకి చదివి, పెద్దవాళ్ల మోసాలు ఎంత పెద్దవో అని ఆశ్చర్యపోయారు. రెండో పుస్తకం అప్పుడు నా చేతికింద ఉంది. నేనూ ఆశ్చర్యపోయినట్టే తలూపాను.

మా దారి మార్చింది ఒక రైతు. శింగనమల వైపు నుంచి వచ్చే ఆయన ఒకసారి మిల్లుకే నేరుగా కాయ తోలి, అక్కడి తూకం చూసుకుని, మర్నాడు మండీకి వచ్చి అందరి ముందూ అడిగాడు: "మీ మండీకాడ ఒక తూకం, మీ మిల్లుకాడ ఒక తూకమా సామీ? ఓనర్లు ఒగరే కదా?" చిన్నాయన ఆ సమయానికి అక్కడే ఉన్నారు. ఆ సాయంత్రం ఆయన అడిగితే నేను పుస్తకం చూపించాను. అది ధైర్యమని చెప్పుకోను, ఇక దాచడం కుదరక చూపించాను. పెద్దాయన నాతో నెల రోజులు మాట్లాడలేదు.

తర్వాత చేసిన మార్పులు పెద్దవేమీ కావు. కాటా ఒకటే అయింది, తూకం రాసే స్లిప్పు నంబరు మూడు చోట్లా ఒకటే అయింది. మండీ గేటు దగ్గరే తేమ కొలిచే మిషన్ పెట్టి, తరుగును పూర్తిగా తీసేసి, తేమ శాతాన్ని బట్టి ధర కట్టడం మొదలుపెట్టాం. మండీ గుమాస్తాకు కొన్న మూటలను బట్టి, మిల్లు మేస్త్రీకి దిగిన పప్పును బట్టి విడివిడిగా ఇచ్చే బోనసును ఎత్తేసి, ఏడాది చివర అమ్మిన నూనె, వేరుశనగ చెక్క, పప్పుల మొత్తం మీద అందరికీ కలిపి ఇచ్చాం. అంతవరకు తడికాయ కొన్నందుకు మండీ మనిషికి బహుమానం, అదే కాయ ఒలిచినందుకు మిల్లు మనిషికి చీవాట్లు దక్కేవి!

అయితే వెంటనే మేలు జరిగిందని అనుకోకండి. తరుగు లేదు కాబట్టి మేం చెప్పే క్వింటా ధర పక్క మండీల కంటే తక్కువగా వినిపించేది, రైతులు అటు వెళ్లిపోయారు. చేతికి వచ్చే డబ్బు లెక్క వేసి చూపినా నమ్మలేదు. ఇన్నేళ్లు కిలో చొప్పున తీసినవాళ్లు ఉన్నట్టుండి ఎందుకు మానేస్తారన్న అనుమానంలో తప్పేముంది? రెండు పంట కాలాలు మా మిల్లు సగం రోజులు ఖాళీగా ఉంది. మూడో ఏడాది ఎండుకాయ తెచ్చే రైతులు ఒక్కొక్కరే తిరిగొచ్చారు, తడికాయ తెచ్చే వాళ్లు ఇప్పటికీ పక్క మండీకే వెళుతున్నారు. ఈ మధ్యకాలానికి సరిపడా డబ్బు మీ దగ్గర ఉందో లేదో ముందే చూసుకోండి.

అన్నీ కలపాలన్న తొందర కూడా వద్దు. ఒక పనిని బయట కొనుక్కోవడానికి అయ్యే వెతుకులాట, బేరం, తగాదాల ఖర్చు సొంతంగా చేయించుకునే ఖర్చు కంటే ఎక్కువైనప్పుడే సంస్థ ఆ పనిని తనలో కలుపుకుంటుందని రోనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త 1937లోనే రాశారు. ఆయనకు 1991లో నోబెల్ బహుమతి వచ్చింది. మా నడిపాయన ఉత్సాహం కొద్దీ మూడు లారీలు కొన్నారు. ఖరీఫ్ కాయ వచ్చే మూడు నాలుగు నెలలు అవి తిరిగాయి, తక్కిన కాలమంతా షెడ్డు ముందు నిలబడి కిస్తీలు కట్టించుకున్నాయి. అనంతపురంలో లారీ బాడుగకు దొరకడం ఎప్పుడూ కష్టం కాలేదు, అందులో మమ్మల్ని మోసగించేవారూ లేరు. కాయ నాణ్యత విషయంలో మాత్రం బయటివారి మాట మీద ఆధారపడలేం కాబట్టి మండీ, మిల్లు కలవడంలో అర్థం ఉంది.

ఏప్రిల్ 1 నుంచి కొత్త సంస్థ పేరుతో మొదలుపెట్టవచ్చా అని చివరగా అడిగారు. నేనైతే పత్రాల పనిని ఒక ఏడాది వెనక్కి నెట్టి, రాబోయే పంట కాలమంతా మూడు సంస్థలనూ వాటి పేర్లతోనే నడుపుతూ, స్లిప్పు ఒక్కదాన్నే ఉమ్మడి చేయమంటాను. మీ నాన్నగారి మండీలో ఇప్పుడు తరుగు ఎంత తీస్తున్నారో, అది ఎక్కడికి వెళుతోందో మీ చిన్నాన్నలు వేరెవరి నోటనో వినకముందే ఆయనే వారికి చెప్పగలిగితే, ఆడిటరు దగ్గరికి వెళ్లడానికి మీరు సిద్ధమైనట్టే. చెప్పలేకపోతే మూడూ విడిగానే ఉండనివ్వండి. మా స్లిప్పు మీద ఉండే గడులు ఇవి: తేదీ, రైతు పేరు, ఊరు, మూటలు, స్థూల తూకం, తేమ శాతం, మన్ను రాళ్ల శాతం, ఆ రోజు ధర, చెల్లించిన మొత్తం, మిల్లులో దిగిన తూకం. ఒక ప్రతి రైతుకు, ఒకటి మండీకి, ఒకటి మిల్లుకు వెళుతుంది. చివరి గడిని మిల్లు మేస్త్రీ నింపి, అదే సాయంత్రం మండీకి తిప్పి పంపాలి.