బర్నౌట్ అంటే జబ్బా?

కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ను జబ్బుగా లెక్కించలేదు. 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 (వ్యాధులు, ఆరోగ్య పరిస్థితుల అంతర్జాతీయ వర్గీకరణ) జాబితాలో దాన్ని ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగానే చేర్చింది. ఎందుకంటే దాని మూలం పనిలోనే ఉంటుంది. దాని లక్షణాలు ఇవి: ఎడతెగని ఒత్తిడితో ఓపిక అయిపోవడం, పనంటేనే విరక్తి పుట్టడం, ఏదీ సరిగ్గా చేయలేకపోతున్నామనిపించడం. పగలంతా హైదరాబాద్‌లో టీమ్‌ని చూసుకుని రాత్రి పదింటికి మళ్లీ అమెరికా క్లయింట్ కాల్‌లో కూర్చునే టీమ్ లీడ్‌నే తీసుకోండి, ఒకప్పుడు ఓపిగ్గా నేర్పినవాడే ఇప్పుడు జూనియర్ చిన్న డౌట్ అడిగినా విసుక్కుంటాడు. మేనేజర్లకు ఇది రాదనుకోవడం పొరపాటు. నాలుగు రోజులు గోవా వెళ్లొస్తే పోతుందనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు, తిరిగొచ్చేసరికి అదే పనిభారం, అవే రాత్రి కాల్స్ ఉంటే కథ మళ్లీ మొదటికే వస్తుంది.