వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకోవాలంటే బెంగళూరు వెళ్లాల్సిందేనా?

ప్రశ్న: మా అబ్బాయి అనంతపురంలో బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వెబ్ డెవలప్‌మెంట్ కోసం బెంగళూరులో కోచింగ్‌లో చేరతానంటున్నాడు. అంత ఫీజు మాకు భారం. ఆన్‌లైన్‌లో ఉచితంగా నేర్చుకోవచ్చా? – ఒక తండ్రి, అనంతపురం

జవాబు: తప్పకుండా నేర్చుకోవచ్చు. డిగ్రీ చదువుతూ ఇంటి దగ్గరే సాధన చేయడానికి కావలసినదంతా ఉచితంగా దొరుకుతున్నప్పుడు, అప్పు చేసి మరీ కోచింగ్‌కు పంపడం సరికాదని నా అభిప్రాయం. అయితే వనరులు లెక్కకు మిక్కిలిగా ఉండటంతో చాలామంది విద్యార్థులు ఒక వీడియోను సగంలో వదిలి మరొకటి మొదలుపెడుతూ నెలలు గడిపేస్తున్నారు. కాబట్టి పాఠాలకు ఒకటి, సందేహాలకు ఒకటి ఎంచుకుని వాటినే పట్టుకుని ఉండమనండి.

పాఠాలకు 2014లో మొదలైన ఫ్రీకోడ్‌క్యాంప్ అనే ఉచిత వెబ్‌సైట్ మంచిది. అందులో బ్రౌజర్‌లోనే కోడ్ రాస్తూ, వెబ్ పేజీల తయారీకి వాడే భాషలైన హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ నేర్చుకోవచ్చు. సందేహం వచ్చినప్పుడు ఈ భాషల వివరణలు ఉండే ఎండీఎన్ వెబ్ డాక్స్ సైట్ చూడాలి. పేజీ రూపాన్ని ముందుగా గీసుకునే డిజైన్ పనికి ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్ ఉచిత ప్లాన్ సరిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, నేర్చుకున్నదానితో నిజంగా పనికొచ్చే పేజీ ఒకటి తయారుచేయడం. మీ ఊళ్లోని వేరుశనగ విత్తనాల దుకాణానికి తెలుగులో ఒక పేజీ చేయమనండి. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటి ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లీషుకు సరిపోయే లైన్ హైట్‌నే (ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తునే) తెలుగుకూ ఉంచితే, ‘రాష్ట్రం’ వంటి మాటల్లోని వత్తులు కింది వరుసలోని గుడులకు తగిలి చదవడం కష్టమవుతుంది. క్రోమ్‌లో ఆ పేరా మీద రైట్ క్లిక్ చేసి, పేజీ కోడ్‌ను చూపే ఇన్‌స్పెక్ట్ తెరిచి, లైన్ హైట్ విలువను 1.2 నుంచి 1.7కు మార్చి చూస్తే తేడా అక్కడికక్కడే కనిపిస్తుంది. ఇలాంటి చిన్న దిద్దుబాట్లు స్వయంగా చేసుకున్న విద్యార్థి ఇంటర్వ్యూలో తన పని గురించి తడబడకుండా చెప్పగలుగుతాడు.

పూర్తయిన పేజీని అందరూ ఇంటర్నెట్‌లో చూసేలా గిట్‌హబ్ పేజెస్ అనే సేవలో ఖర్చు లేకుండా పెట్టవచ్చు. ఆ లింకు పంపమని అడిగి మీ ఫోన్‌లో తెరిచి చూడండి. అక్షరాలు తెర దాటి పోతున్నాయా, ఫోన్ నంబరు నొక్కితే కాల్ వెళుతోందా అన్నది మీరే పరీక్షించవచ్చు. మూడో సంవత్సరం మొదలయ్యేసరికి ఇలాంటివి రెండు మూడు చేయగలిగితే, ఇంకా ఏ అంశంలో శిక్షణ అవసరమో మీ అబ్బాయికే స్పష్టమవుతుంది. అప్పుడు ఆ ఒక్క అంశానికే ఫీజు కట్టండి.